సొంత బండి మీద ఒంటరిగా ముక్తినాథ్: మొదటి విదేశీ బైకు ప్రయాణానికి ఏర్పాట్లు

దేశం దాటి ఒంటరిగా బైకు మీద వెళ్లాలని మొదటిసారి అనుకునేవాళ్లకు నేపాల్ అన్నిటికన్నా అనువైన చోటు. వీసా లేదు. చాలా దేశాలు బండి కోసం అడిగే కార్నె అనే పూచీకత్తు పుస్తకం అక్కర్లేదు. మన డ్రైవింగ్ లైసెన్సు చెల్లుతుంది, బండి ఎడమవైపే నడపాలి, వచ్చీరాని హిందీతో కూడా పని జరిగిపోతుంది. భూటాన్ కూడా దగ్గరే కానీ, అక్కడ భారతీయులు రాత్రికి 1,200 రూపాయల చొప్పున ప్రభుత్వ రుసుము కట్టాలి. పది రాత్రులుంటే అదే 12,000 అవుతుంది. దాన్ని రెండో ప్రయాణానికి ఉంచుకోండి.

ఇక్కడ చెప్పే దారి హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్, రీవా, వారణాసి, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలీ దగ్గర సరిహద్దు దాటి, పోఖరా, అక్కడి నుంచి హిమాలయాల్లో ఉన్న ముక్తినాథ్ గుడి. రానూపోనూ దాదాపు 3,900 కిలోమీటర్లు, 16 రోజులు. కాఠ్మాండూను కావాలనే వదిలేశాం. అక్కడికి వెళ్లే దారిలో నారాయణ్‌ఘాట్, ముగ్లింగ్ మధ్య ఘాట్ రోడ్డు కొండచరియలకు పేరుపడ్డది. 2024 జులైలో రెండు బస్సులు అక్కడే త్రిశూలి నదిలోకి కొట్టుకుపోయాయి. దానికి తోడు కాఠ్మాండూ ట్రాఫిక్. పశుపతినాథుణ్ణి చూడకుండా ఎలా వస్తామనుకుంటే, బండిని పోఖరాలో హోటల్లో పెట్టి బస్సులోనో విమానంలోనో వెళ్లి రండి.

ఈ దారిలో ఇరుక్కునేవాళ్లలో ఎక్కువమంది బండి చెడి ఇరుక్కోరు. కాగితం సరిగా లేకో, రోజుల లెక్క తప్పో ఇరుక్కుంటారు. అందుకే ముందు కాగితాల సంగతి చూద్దాం.

కాగితాలు: రెండు నెలల ముందు నుంచే

మనిషికి పాస్‌పోర్టు గానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ చాలు. ఆధార్ చూపిస్తే సరిపోతుందనుకుని బయల్దేరకండి. 15 ఏళ్ల లోపు, 65 దాటినవాళ్లకు తప్ప మిగతావాళ్లకు అది ప్రయాణపత్రంగా లెక్కలోకి రాదు. రెండూ ఉంటే రెండూ పట్టుకెళ్లండి. సిమ్ కార్డుకు, హోటల్‌కు, ఏదైనా జరిగితే రాయబార కార్యాలయానికి పాస్‌పోర్టు ఉంటే పని తొందరగా అవుతుంది.

బండి ఆర్‌సీ మీ పేరు మీదే ఉండాలి. నాన్నగారి బండో, అన్న బండో అయితే అధికార పత్రంతో వెళ్లినవాళ్లు లేకపోలేదు. కానీ మొదటి ప్రయాణంలో, ఒంటరిగా, కౌంటర్ దగ్గర ఆ వాదన పెట్టుకోవద్దు. బండి మీద అప్పు ఉంటే, నేపాల్ తీసుకెళ్లడానికి అభ్యంతరం లేదని ఫైనాన్స్ ఇచ్చిన సంస్థ దగ్గర లెటర్‌హెడ్ మీద ఉత్తరం తీసుకోండి. దీనికి ఒక్కోసారి మూడు వారాలు పడుతుంది, అడగడం ఆలస్యం చేయకండి.

డిజిలాకర్‌లోని ఆర్‌సీ, లైసెన్సు మన చట్టం ప్రకారం మన దేశంలో చెల్లేవి. సరిహద్దు అవతల ఫోన్ తీసి చూపిస్తే ఒప్పుకోవాలని లేదు. అసలు కార్డులే ఉండాలి. కార్డు చేతికి రాలేదంటే ముందే ఆర్టీఏలో అడిగి తెచ్చుకోండి.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే పేచీ ఒకటుంది, అది పేరు. ఆర్‌సీలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, ఓటరు కార్డులో పేరు ముందూ ఇంటిపేరు వెనకా ఉంటుంది. మనకు అది మామూలు సంగతి. ఇంటిపేరు చివర రాసే అలవాటున్న అధికారికి మాత్రం ముగ్గురు వేర్వేరు మనుషుల్లా కనిపిస్తుంది. మూడు కార్డులూ బల్ల మీద పక్కపక్కన పెట్టి ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే సరిచూసుకోండి. తేడా చిన్నదైతే, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఉన్న మరో గుర్తింపు కార్డు జతచేస్తే సరిపోతుంది. పేరే వేరుగా ఉంటే దిద్దించుకున్నాకే బయల్దేరండి.

ఇన్సూరెన్స్ దగ్గర చాలామంది పొరబడతారు. మన మోటారు పాలసీ మామూలుగా భారతదేశంలో జరిగినవాటికే వర్తిస్తుంది. నేపాల్‌లో బండి లోయలో పడ్డా, ఎవరికైనా గుద్దినా కంపెనీ పైసా ఇవ్వక్కర్లేదు. దీనికి మందు పాలసీలోనే ఉంది. దాన్ని భౌగోళిక పరిధి పొడిగింపు అంటారు. పాలసీకి జతచేసే ఇలాంటి కాగితాన్ని ఎండార్స్‌మెంటు అంటారు, దీని సంఖ్య ఐఎంటీ 1. భారత మోటారు టారిఫ్‌లో దీనికి పెట్టిన అదనపు ప్రీమియం మన బండి నష్టం కూడా కలిసిన ప్యాకేజీ పాలసీకి 500 రూపాయలు, థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నదానికి 100 రూపాయలు. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు, పాకిస్తాన్‌లకు ఇది వర్తిస్తుంది. ఫోన్ ఎత్తే కాల్ సెంటర్ మనిషికి చాలాసార్లు దీని పేరే తెలియదు. బ్రాంచికి వెళ్లి, ‘ఐఎంటీ 1 ఎండార్స్‌మెంటు నేపాల్‌కు’ అని రాసిచ్చి, ముద్ర వేసిన కాగితం చేతికి తీసుకోండి. నోటిమాట పనికిరాదు.

మనిషి కోసం తీసుకునే ట్రావెల్ పాలసీలో మూడు మాటలు వెతకండి: బైకు నడుపుతుండగా జరిగిన ప్రమాదం వర్తిస్తుందా, ఎంత ఎత్తు వరకు వర్తిస్తుంది, హెలికాప్టర్‌లో తరలించే ఖర్చు ఇస్తారా. ముక్తినాథ్ 3,700 మీటర్ల పైన ఉంది. 3,000 మీటర్ల దగ్గర ఆగిపోయే పాలసీ అసలు అవసరమైన చోట చేతులెత్తేస్తుంది.

పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు తిరిగొచ్చే తేదీ దాటి ఉండాలి. అన్నిటికీ మూడేసి జిరాక్సులు, ఆరు పాస్‌పోర్టు సైజు ఫొటోలు. అసలు కాగితాలు ఒంటి మీద, జిరాక్సులు సంచిలో, స్కాన్లు ఇంట్లో ఒకరి ఫోన్‌లో.

ఎప్పుడు వెళ్లాలి

అక్టోబర్ రెండో వారం నుంచి నవంబర్ చివరి దాకా, లేదా మార్చి నుంచి మే మధ్య దాకా. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వర్షాల్లో కొండ రోడ్లు జారతాయి. అప్పుడు వెళ్లొద్దు, మధ్యేమార్గం లేదు. డిసెంబర్, జనవరిలో పైన నీళ్లు రోడ్డు మీదే గడ్డకడతాయి. నాలుగు చక్రాలు ఓర్చుకున్నట్టు రెండు చక్రాలు ఓర్చుకోవు.

శరదృతువులోనే దశైం, తిహార్ పండుగలు వస్తాయి. మన దసరా, దీపావళి రోజుల్లోనే. దశైం ముందు రెండు మూడు రోజులు ఊళ్లకు వెళ్లే బస్సులతో రోడ్లు కిక్కిరిసి ఉంటాయి, పండుగ రోజుల్లో ఆఫీసులు, గ్యారేజీలు మూసేస్తారు. ఆ రెండింటి మధ్య వారమో, తిహార్ తర్వాతో చూసుకోండి. అక్కడ శనివారం వారపు సెలవు.

రోజుల లెక్క

నేపాల్ కొండల్లో దూరాన్ని కిలోమీటర్లలో కాదు, గంటల్లో చూడాలి. నాగ్‌పూర్ దారిలో గంటకు 60 పోతారు. బేనీ దాటాక గంటకు 15 నుంచి 20. పోఖరా నుంచి ముక్తినాథ్ 180 కిలోమీటర్లే కదా, ఒక్క రోజులో కొట్టేద్దాం అనుకున్నవాళ్లు చీకట్లో కాళీ గండకీ నది ఒడ్డున బురదలో ఉంటారు.

మొదటి రోజు హైదరాబాద్–నాగ్‌పూర్, 500 కిలోమీటర్లు, పొద్దున ఐదుకే బయల్దేరాలి. రెండో రోజు సివనీ, జబల్‌పూర్ మీదుగా రీవా, మరో 500. నాగ్‌పూర్ దాటాక పెంచ్ అడవిలో జంతువులు కింద నుంచి పోయేలా ఎత్తుగా కట్టిన రోడ్డు మీద వెళతారు. మూడో రోజు రీవా–వారణాసి, 240 మాత్రమే. మధ్యాహ్నానికి చేరి నడుము వాల్చండి. నాలుగో రోజు గోరఖ్‌పూర్, 210. సునౌలీలోనే పడుకోవచ్చు కదా అంటారు. గోరఖ్‌పూర్‌లో గదులు, మెకానిక్‌లు, ఏటీఎంలు మేలు. అక్కడి నుంచి పొద్దున్నే బయల్దేరితే 100 కిలోమీటర్లు.

ఐదో రోజు సరిహద్దు. అది దాటి బుట్వల్, వీలైతే తాన్‌సేన్. ఆరో రోజు పోఖరా. ఏడో రోజు విశ్రాంతి, పర్మిట్లు. ఎనిమిదో రోజు బేనీ మీదుగా తాతోపానీ. తొమ్మిది జోమ్‌సోమ్ లేదా కాగ్‌బేనీ. పది ముక్తినాథ్ చూసి కిందికి మార్ఫా దాకా. పదకొండు పోఖరా. పన్నెండు సరిహద్దు దాటి గోరఖ్‌పూర్. పదహారో రోజుకు ఇల్లు.

అంటే నేపాల్‌లో ఎనిమిది రోజులు. బండి అనుమతి మాత్రం పదకొండు రోజులకు తీసుకోండి. ఒక్క చరియ విరిగితే ఒక రోజు పోతుంది. అదనపు రోజుకు కట్టే రుసుముకూ, గడువు దాటితే కట్టే జరిమానాకూ పోలికే లేదు.

సెలవు పది పన్నెండు రోజులే దొరికేవాళ్లు బండిని సికింద్రాబాద్ నుంచి గోరఖ్‌పూర్‌కు రైల్లో పంపొచ్చు. మీ టికెట్ మీద లగేజీగా వేస్తే అదే రైల్లో వస్తుంది, పార్శిల్‌గా వేస్తే ఎప్పుడొస్తుందో నమ్మకం లేదు. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, గోనెపట్టాతో చుట్టించాలి, ఆర్‌సీ జిరాక్సు ఇవ్వాలి. అద్దాలు, ఇండికేటర్లు విప్పి సంచిలో పెట్టుకోండి. చుట్టేవాళ్లు ఎంత జాగ్రత్తపడ్డా ముందు విరిగేవి అవే.

బండి

ఏ బండైనా వెళుతుంది. 150 సీసీ పల్సర్ మీద అక్కడివాళ్లు రోజూ ఆ దారిలోనే తిరుగుతారు. బజాజ్, హీరో, హోండా, టీవీఎస్, యమహా, రాయల్ ఎన్‌ఫీల్డ్ అన్నీ నేపాల్‌లో అమ్ముతారు కాబట్టి మామూలు స్పేర్లు పోఖరాలో దొరుకుతాయి. దొరకనివి అరుదైన మోడళ్లవే. కొత్త బండి కొని వెంటనే బయల్దేరకండి, కనీసం 3,000 కిలోమీటర్లు మీ చేతిలో తిరిగి ఉండాలి.

బయల్దేరే ముందు రోజు కాదు, మూడు వారాల ముందు సర్వీసు చేయించండి. సర్వీసులో కొత్తగా పెట్టిన లోపాలు 300 కిలోమీటర్లు తిరిగితే గానీ బయటపడవు. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్పించండి. ముందూ వెనకా బ్రేక్ ప్యాడ్లలో మందం 2 మిల్లీమీటర్లకు దగ్గరైతే కొత్తవి వేయించండి. మీ రోజువారీ లెక్కలో ఇంకో రెండు వేలు నడుస్తాయనిపించినా సరే, కొండ దిగుళ్లు వాటిని వారంలో తినేస్తాయి. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే అది నీరు పీల్చుకుని ఉంటుంది. దిగుడులో వేడెక్కి మరిగి, లివరు మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. కొత్తది పోయించండి. చైను, పళ్లచక్రాలు మూడూ ఒక సెట్టుగా మార్చాలి. చైను ఒక్కటే మార్చితే అరిగిన పళ్లు దాన్ని కూడా తినేస్తాయి. చైను వదులు మాన్యువల్‌లో రాసినంత ఉండాలి, అదీ సామాను కట్టాక చూసుకోవాలి. తక్కువ వదులు పెట్టి లోడు వేస్తే గుంతలో పడ్డప్పుడు చైను బిగిసి బేరింగు మీద పడుతుంది.

పట్టుకెళ్లాల్సినవి: మీ టైరు ట్యూబు ఉన్నదైతే ముందుదీ వెనకదీ ఒక్కొక్క ట్యూబు, రెండు టైరు లివర్లు, చేతి పంపు, పంక్చర్ ప్యాచీలు. ట్యూబ్‌లెస్ అయితే పది దారాలున్న కిట్టు. క్లచ్ వైరు, యాక్సిలరేటర్ వైరు, క్లచ్ లివరు, ముందు బ్రేక్ లివరు, ఒక ప్లగ్గు, చైను లింకు లాకులు రెండు, మీ బండి ఫ్యూజులు రెండేసి, అర లీటరు ఇంజిన్ ఆయిల్, చైను ఆయిల్ చిన్న డబ్బా, ఎం-సీల్, ఇన్సులేషన్ టేపు, ప్లాస్టిక్ ట్యాగులు ఇరవై, రెండు మీటర్ల బైండింగ్ తీగ. పానాలు బజారులో దొరికే సెట్టు కాదు, మీ బండికి పట్టేవే ఏరుకోండి. ముందు చక్రం, వెనక చక్రం విప్పే పానాలు లేనిదే ట్యూబులు మోసినా దండగే. ఇంట్లో ఒకసారి వెనక చక్రం మీరే విప్పి, ట్యూబు మార్చి, బిగించండి. మొదటిసారి రెండు గంటలు పడుతుంది, మూడోసారికి నలభై నిమిషాలు.

క్లచ్ వైరు విషయంలో పాతకాలం మెకానిక్‌లు చేసే పని ఒకటుంది. కొత్త వైరును సంచిలో పెట్టకుండా, బండికి ఉన్న వైరు పక్కనే, అదే దారిలో, ట్యాంకు కింద నుంచి పోనిచ్చి ట్యాగులతో కట్టేస్తారు. రెండు చివర్లకూ టేపు చుడతారు, దుమ్ము పోకుండా. పాతది తెగిన రోజున ట్యాంకు విప్పే పని లేదు. పైన లివరు దగ్గర ఒక చివర, కింద ఇంజిన్ దగ్గర ఒక చివర తగిలించి, వదులు సరిచేసుకుంటే పది నిమిషాల్లో కదలొచ్చు. కట్టాక హ్యాండిల్ను అటూ ఇటూ చివరిదాకా తిప్పి చూడండి, ఎక్కడా లాగకూడదు.

సామాను 15 కిలోలు దాటనివ్వకండి. బరువంతా సీటుకు రెండు పక్కల, కిందికి ఉండాలి. వెనక క్యారియర్ మీద ఎత్తుగా కడితే బురదలో ముందు చక్రం తేలిపోతుంది. బంగీ తాళ్లు సాగి జారి చక్రంలో పడతాయి కాబట్టి బకిల్ ఉన్న పట్టీలు వాడండి. ప్రతి 500 కిలోమీటర్లకు చైనుకు ఆయిల్, ప్రతి ఉదయం టైర్లూ బోల్టులూ ఒక చూపు.

ఒంటరిగా పడిన బండిని లేపడం

తోడు లేనివాళ్లు ఇంట్లోనే నేర్చుకోవాల్సింది ఇది. నేల మీద పాత పరుపు వేసి బండిని మెల్లగా పడుకోబెట్టి, సామాను కట్టిన బరువుతో లేపి చూడండి.

ముందు ఇంజిన్ ఆపండి, పెట్రోలు కారుతోందేమో చూడండి. బండి కుడివైపు పడితే, లేపకముందే సైడ్ స్టాండు తెరిచి పెట్టండి, లేపాక అవతలికి పడిపోదు. గేరులో ఉంచితే చక్రం దొర్లదు. హ్యాండిల్ను నేల వైపు పూర్తిగా తిప్పండి. తర్వాత బండికి వీపు పెట్టి, సీటు అంచుకు పిరుదులు ఆనించి, గుంజీ కూర్చోండి. ఒక చేత్తో కింద ఉన్న హ్యాండిల్ పిడి, రెండో చేత్తో వెనక గ్రాబ్ రైలు పట్టుకోండి. నడుము నిటారుగా ఉంచి, కాళ్లతో నేలను తన్నుతూ చిన్న చిన్న అడుగులు వెనక్కి వేయండి. బలమంతా తొడల్లోంచి రావాలి. ఎదురుగా వంగి రెండు చేతులా లాగితే నడుము పట్టేసి ప్రయాణం అక్కడితో ముగుస్తుంది. ఎత్తులో ఊపిరి అందదు కాబట్టి రెండుసార్లు ప్రయత్నించి కుదరకపోతే సామాను విప్పి మళ్లీ చూడండి.

సునౌలీలో సరిహద్దు దాటడం

పొద్దున ఎనిమిదింటికల్లా అక్కడ ఉండండి. పదింటి తర్వాత లారీలతో బజారు బిగిసిపోతుంది. మన వైపు సరిహద్దు కాపలా దళం ఎస్ఎస్‌బీ జవాన్లు గుర్తింపు, బండి కాగితాలు చూస్తారు. గేటు దాటాక బేలహియా, నేపాల్ వైపు ఊరు. మనుషులను ఆపకుండా పంపించేస్తారు, రోడ్డు ఖాళీగా ఉంటుంది, అందుకే చాలామంది నేరుగా వెళ్లిపోతారు. తప్పు అక్కడే జరుగుతుంది. నేపాల్ కస్టమ్స్ ఆఫీసులో భన్సార్ అనే బండి అనుమతి తీసుకోకుండా బండి ముందుకు కదలకూడదు. అది లేకుండా లోపల తనిఖీలో దొరికితే దొంగ దిగుమతి కింద లెక్క.

గేటు దగ్గరే బ్రోకర్లు చుట్టుముడతారు. వాళ్లు అవసరం లేదు. కౌంటర్‌లో ఆర్‌సీ, లైసెన్సు, గుర్తింపు కార్డు ఇచ్చి, ఎన్ని రోజులో చెప్పండి. బండి నంబరు, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు రాసుకుంటారు. రోజుకు ఇంత అని రుసుము నేపాలీ రూపాయల్లో కట్టి రసీదు తీసుకోండి. తర్వాత రవాణా అనుమతి, దాన్ని యాతాయాత్ అంటారు, పక్క కౌంటర్‌లో. రెండు కాగితాలూ చేతిలో ఉన్నాకే కదలాలి. సరిహద్దు ఊళ్లకు మాత్రమే చెల్లే ఒక్కరోజు చీటీ కూడా ఇస్తారు. అది పట్టుకుని పోఖరా వెళ్లకండి.

రసీదు చేతికి రాగానే పక్కకు జరిగి నిదానంగా చదవండి. తేదీలు విక్రమ శకంలో, దేవనాగరి అంకెల్లో ఉంటాయి. మన 2025 అక్టోబర్ చివర వాళ్లకు 2082 కార్తీక్. ఇది మన కార్తీకమాసం కాదు. మనది చాంద్రమానం, వాళ్లది సౌరమానం, వాళ్ల కార్తీక్ అక్టోబర్ మధ్యలో మొదలవుతుంది. నెలలకు 29 నుంచి 32 రోజులు ఉంటాయి కాబట్టి వేళ్ల మీద లెక్క తప్పుతుంది. చేతిరాతలో దేవనాగరి ఒకటీ తొమ్మిదీ ఒకేలా కనిపిస్తాయి. ఆఖరి రోజు ఇంగ్లీషు తేదీ ఏదో కౌంటర్‌లోనే అడిగి, వాళ్ల ముందే రసీదు వెనక పెన్నుతో రాసుకోండి. లోపలికి వచ్చిన రోజు కూడా లెక్కలోకే వస్తుంది. బండి నంబరు ఒక్కొక్క అక్షరం సరిచూడండి. టీఎస్, టీజీ దగ్గర, సున్నా, ఓ అక్షరం దగ్గర తప్పులు పడతాయి.

భారత నంబరు బండికి ఒక ఆర్థిక సంవత్సరంలో మొత్తం 30 రోజులే అనుమతి. వాళ్ల ఆర్థిక సంవత్సరం జులై మధ్యలో మారుతుంది. తిరుగు ప్రయాణంలో అదే కౌంటర్‌లో కాగితం చూపించి బండి వెళ్లిపోయినట్టు నమోదు చేయించుకోవడం మరిచిపోకండి. లేకపోతే వాళ్ల పుస్తకంలో మీ బండి ఇంకా నేపాల్‌లోనే ఉంటుంది, మరోసారి వెళ్లినప్పుడు ఆ జరిమానా ఎదురొస్తుంది.

డబ్బు, ఫోన్

మారకం ఏళ్లుగా స్థిరం: మన 100కు వాళ్ల 160. గోరఖ్‌పూర్ నుంచి 100 రూపాయల నోట్ల కట్టలు తీసుకెళ్లండి. 2018 డిసెంబర్‌లో నేపాల్ మన 200, 500, 2,000 నోట్లను నిషేధించింది. పెద్ద నోట్లను దుకాణదారులు తీసుకుంటారా లేదా అన్న వాదన మీకెందుకు, వంద నోటుకు ఎక్కడా ఎదురు లేదు. 2024 మార్చి నుంచి ఫోన్‌పే అనే నేపాల్ సంస్థ క్యూఆర్‌ల మీద మన యూపీఐ పనిచేస్తోంది. పేరు వినడానికి ఒకటే అయినా అది మన దగ్గర ఉన్న కంపెనీ కాదు. యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపులు ముందే తెరిచి ఉంచాలి, డేటా ఉండాలి. పోఖరాలో బాగా పనికొస్తుంది. బేనీ దాటాక నగదే.

సిమ్‌కు పాస్‌పోర్టు జిరాక్సు, ఫొటో చాలు. కొండల్లోకి వెళ్లేవాళ్లు నేపాల్ టెలికాం తీసుకోండి. మ్యాపులు ఫోన్‌లోకి ముందే దింపుకోండి. గడియారం 15 నిమిషాలు ముందుకు జరపండి.

ఒంటరి ప్రయాణానికి ఇంట్లో ఒక మనిషి కాపలా కావాలి. రోజూ పొద్దున ‘ఇక్కడి నుంచి ఇక్కడికి’ అని, రాత్రి ‘చేరాను’ అని రెండే సందేశాలు. రాత్రి సందేశం రాకపోతే ఎంతసేపు ఆగాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది ముందే కాగితం మీద రాసి ఇవ్వండి. సిగ్నల్ లేని రోజులను ముందే చెప్పండి, లేకపోతే ఉత్తపుణ్యానికి ఇంట్లోవాళ్ల గుండె ఆగిపోతుంది. నేపాల్ పోలీసు 100, అంబులెన్సు 102, ట్రాఫిక్ పోలీసు 103, టూరిస్టు పోలీసు 1144. బ్లడ్ గ్రూపు, పడని మందులు, ఇంటి నంబరు రాసిన కార్డు హెల్మెట్ లోపల అంటించండి.

కొండ దారి

బుట్వల్ దాటగానే సిద్ధబాబా దగ్గర కొండ మీద నుంచి రాళ్లు పడతాయి. ఆ ముక్కలో ఫొటోలకు ఆగకండి. రోడ్డు పని జరిగే రోజుల్లో గంటల లెక్కన బళ్లను ఆపుతారు, బుట్వల్ హోటల్లోనే వేళలు అడగండి. మొదటి రోజు సరిహద్దులో ఎంత త్వరగా పనైనా తాన్‌సేన్ దాటొద్దు.

మద్యం తాగి నడపడం మీద వాళ్లు చాలా గట్టిగా ఉంటారు. మాపసే తనిఖీ అంటారు, ఒక్క బీరు కూడా తప్పే. రాత్రి ప్రయాణం వద్దు. నవంబర్‌లో ఐదున్నరకల్లా చీకటి పడుతుంది. ముందు లారీ కుడి ఇండికేటర్ వేస్తే అది ‘దాటిపో’ అని కావచ్చు, ‘నేను కుడికి తిరుగుతున్నా’ అని కావచ్చు. ఎదుటి రోడ్డు మీ కళ్లతో చూశాకే దాటండి. దిగుడులో రెండో గేరులో ఇంజిన్‌తోనే బండిని పట్టండి, బ్రేకు తడిమి వదులుతూ ఉండండి. బ్రేకు మీదే దిగితే డిస్కు కాలి పట్టు పోతుంది.

పోఖరాలో డ్యామ్‌సైడ్ దగ్గరున్న పర్యాటక కార్యాలయంలో అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం పర్మిట్ తీసుకోండి. గుర్తింపు, ఫొటోలు అడుగుతారు, మన దేశంతో సహా సార్క్ దేశాలవాళ్లకు రుసుము తక్కువ. దారిలో చెక్‌పోస్టులో చూపించాలి. కాగ్‌బేనీకి ఉత్తరాన ఎగువ ముస్తాంగ్. అది వేరే, ఖరీదైన అనుమతి కావాల్సిన ప్రాంతం. గేటు తెరిచి ఉంది కదా అని దాటకండి.

బేనీ నుంచి తాతోపానీ, ఘాసా దాకా అసలు పరీక్ష. దానా దాటాక రూప్సే జలపాతం, ఆ చుట్టుపక్కల వాగులు రోడ్డు మీదుగా పారే చోట్లు ఉంటాయి. మంచు కరిగి వచ్చే నీళ్లు కాబట్టి పొద్దున తక్కువ, మధ్యాహ్నం ఎక్కువ. ముందు నడిచి చూడండి, మోకాలు దాటితే ఆగి తగ్గేదాకా కూర్చోండి. దిగేటప్పుడు మొదటి గేరు, ఒకే వేగం, మధ్యలో గేరు మార్చొద్దు, చూపు అవతలి ఒడ్డు మీద. మధ్యలో బండి ఆగి గాలి ఫిల్టర్ దాకా నీళ్లొస్తే మాత్రం సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్‌లో నీరుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఒడ్డుకు తోసి, ప్లగ్గు విప్పి, ఇగ్నిషన్ ఆపి ఉండగానే మూడో గేరులో వేసి చక్రం తిప్పి నీరు బయటికి పంపాకే.

జోమ్‌సోమ్ లోయలో పది, పదకొండు గంటలకు గాలి మొదలవుతుంది. దక్షిణం నుంచి ఉత్తరానికి, సాయంత్రం దాకా, ఇసుకతో సహా. విమానాలే పొద్దున తప్ప ఎగరవు. పైకి వెళ్లేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది, తిరిగొచ్చేటప్పుడు ముఖం మీద కొడుతుంది. తేలిక బండిని పక్కకు నెట్టేస్తుంది. కాబట్టి ముక్తినాథ్ దర్శనం పొద్దున ఏడింటికల్లా చేసుకుని తొమ్మిదిన్నరకు కిందికి దిగేలా చూసుకోండి.

2,500 మీటర్లు దాటాక ఎత్తు జబ్బు రావచ్చు. జోమ్‌సోమ్ 2,700, ముక్తినాథ్ దానికి ఇంకో వెయ్యి. పోఖరా ఉన్నది 800 మీటర్ల దగ్గర. మధ్యలో రెండు రాత్రులు ఆగమన్నది అందుకే. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం మొదటి గుర్తులు. అక్కడే ఆగాలి, పెరిగితే దిగాలి, మాత్ర వేసుకుని పైకి పోకూడదు. ఎత్తు జబ్బుకు వాడే డయామాక్స్ మాత్ర విషయం ఇంటి దగ్గరే డాక్టరును అడగండి, సల్ఫా మందులు పడనివాళ్లు ముఖ్యంగా. బండికీ అంతే, ముక్తినాథ్‌లో ఇంజిన్ బలం మూడో వంతు తగ్గుతుంది. కార్బురేటర్ బండి నల్లపొగ వదిలి గొణుగుతుంది, అది చెడిపోవడం కాదు. జెట్లు విప్పి కెలకకండి, దిగాక దానంతటదే సర్దుకుంటుంది.

బండి గుడి కింది ఊరు రాణీపౌవా దాకానే. అక్కడి నుంచి గుడికి అరగంట మెట్ల నడక. 108 దివ్యదేశాల్లో ఒకటిగా వైష్ణవులు కొలిచే చోటు కాబట్టి మన వైపు యాత్రికుల బృందాలు తరచూ కనిపిస్తాయి. గుడి వెనక 108 ధారల నీళ్లు మంచులా ఉంటాయి. స్నానం చేస్తే ఒళ్లు పూర్తిగా తుడుచుకుని, పొడి బట్టలు వేసుకుని, వేడి టీ తాగి, వేళ్లు సరిగా ముడుచుకుంటున్నాయని చూసుకున్నాకే బండెక్కండి. కొంకర్లు పోయిన వేళ్లతో ఆ దిగుడులో బ్రేకు లివరు అందదు.